మంచి కార్డులన్నీ కలిపితే డెక్ అవుతుందా?

"మంచి కార్డులు పోగెయ్యి, డెక్ దానంతటదే తయారవుతుంది." మ్యాజిక్: ది గ్యాదరింగ్ ఆడ్డం మొదలుపెట్టిన ప్రతివాడికీ ముందుగా అందే సలహా ఇదే. చెప్పినవాడికి ఇంకొకడు చెప్పాడు, వాడికి మరొకడు. ఇంతమంది నోట నానిన మాట గనక నిజమే అయి ఉంటుందని ఎవరూ లెక్క చూడరు. ఈ సలహా విన్నవాడు పోటీకి వెళ్తాడు, రెండు రౌండ్లలో ఓడి బయటికొస్తాడు. అప్పుడైనా డెక్‌ని అనుమానిస్తాడా? లేదు. "ముక్క పడలేదు" అంటాడు. సలహా ఇచ్చినవాడు కూడా అవునంటూ తలూపుతాడు. ఈ సలహా తప్పు, ఆ సాకు అంతకంటే తప్పు. రెండింటినీ లెక్కలతో సహా మీ ముందు పెడతాను, తీర్పు మీరే చెప్పండి.

ఆట తెలియనివారి కోసం నాలుగు మాటలు. రిచర్డ్ గార్ఫీల్డ్ అనే గణిత శాస్త్రజ్ఞుడు తయారుచేయగా 1993లో వచ్చిన ఆట ఇది. పోటీల్లో ఎవరి డెక్ వాళ్ళే కట్టుకు రావాలి. కనీసం 60 కార్డులు ఉండాలి, బేసిక్ ల్యాండులు తప్ప ఏ కార్డూ నాలుగుకి మించకూడదు. చేతిలో ఏడు కార్డులతో ఆట మొదలవుతుంది. వంతుకి ఒక ల్యాండ్ మాత్రమే దించవచ్చు. ల్యాండ్ ఇచ్చే శక్తిని మానా అంటారు, మిగతా కార్డులకి ఆ మానాతోనే ధర చెల్లించాలి. మానాలో అయిదు రంగులున్నాయి, అడిగిన రంగు లేకపోతే కార్డు చేతిలోనే ఉండిపోతుంది. ప్రశస్తమైన కార్డుల మోజులో అందరూ మరిచిపోయేది ఈ చివరి వాక్యాన్నే.

ఒక చేతిని దగ్గర్నుంచి చూడండి. ఒక మౌంటెన్, ఒక ఐలాండ్, లైట్నింగ్ బోల్ట్, కౌంటర్‌స్పెల్, వ్రాత్ ఆఫ్ గాడ్, సెర్రా ఏంజెల్, శివన్ డ్రాగన్. ల్యాండులు తీసేస్తే మిగిలిన అయిదూ 1993 నాటి తొలి సెట్‌లోవే, అయిదూ పేరు మోసినవే. ఎవరి ఆల్బమ్‌లో కనిపించినా గౌరవంగా చూస్తాం. ఈ చేతితో ఏం చేయగలం? బోల్ట్‌కి ఒక ఎర్ర మానా చాలు గనక దాన్ని వేయగలం, అంతే. కౌంటర్‌స్పెల్ రెండు నీలం అడుగుతుంది, ఉన్నది ఒక్క ఐలాండ్. వ్రాత్‌కి నాలుగు మానా కావాలి, అందులో రెండు తెలుపు. ఏంజెల్‌కి అయిదు, అందులోనూ రెండు తెలుపు. తెలుపు మానా ఇచ్చే ల్యాండ్ ప్లెయిన్స్, అది చేతిలో ఒక్కటీ లేదు. డ్రాగన్ ఆరు మానా అడుగుతుంది, అప్పటిదాకా మనం బతికి ఉంటే.

సరే, అదృష్టం కలిసొచ్చి ల్యాండులన్నీ పడ్డాయనే అనుకుందాం. అప్పుడు మాత్రం ఈ కార్డులు ఒకదానికొకటి సాయపడతాయా? వ్రాత్ ఆఫ్ గాడ్ బల్ల మీదున్న ప్రాణులన్నింటినీ నాశనం చేస్తుంది, నీవీ వదలదు. ఏంజెల్‌ని దించాక వ్రాత్ వేస్తే నీ ఏంజెల్‌ని నువ్వే చంపుకున్నట్టు. కౌంటర్‌స్పెల్ ఫలించాలంటే ప్రత్యర్థి వంతులో రెండు మానా ఖర్చుపెట్టకుండా అట్టిపెట్టుకోవాలి. ఏంజెల్ దిగాలంటే ఉన్న మానా అంతా నీ వంతులోనే ఊడ్చిపెట్టాలి. ఒక కార్డు ఆగమంటుంది, మరొకటి దూకమంటుంది. అయిదు మంచి కార్డులే, కానీ అయిదూ ఒకే డెక్‌కి చెందినవి కావు. ఇక్కడ పడని ముక్క ఏది?

రంగుల మాట ఇంకాస్త గట్టిగా చెప్పాలి, ఎందుకంటే "మూడు రంగులైతే మంచి కార్డులు ఎక్కువ దొరుకుతాయి" అనేది ఈ సలహాకి పుట్టిన పిల్ల సలహా. 60 కార్డుల్లో 24 ల్యాండులు వేసి మూడు రంగులకీ ఎనిమిదేసి బేసిక్‌లు పంచారనుకోండి. ముందుగా ఆడేవాడు నాలుగో వంతుకి పది కార్డులు చూస్తాడు. ఆ పదిలో రెండు ప్లెయిన్స్ ఉండే అవకాశం ఎంత? 40 శాతం. అంటే వ్రాత్ చేతిలో ఉండగా కూడా పదింట ఆరుసార్లు దాన్ని సమయానికి వేయలేరు. రెండు రంగులతో పన్నెండేసి పెడితే ఆ అవకాశం 65 శాతం దాకా పెరుగుతుంది. ఒకే రంగైతే 97 శాతం. ఇవి ఎవరి అనుభవాలో అభిప్రాయాలో కావు, కూడికలూ గుణకారాలూ వచ్చిన ఎవరైనా వేసుకోగల లెక్కలు. ఫ్రాంక్ కార్స్టెన్ అనే డచ్ ఆటగాడు, గణిత పరిశోధకుడు, ఏ కార్డుకి ఎన్ని ల్యాండులు కావాలో పట్టికలు కట్టి ఏళ్ళ క్రితమే అందరి ముందూ పెట్టాడు. మొదటి వంతులో ఒక్క మానా కార్డు నమ్మకంగా వేయాలంటే 60 కార్డుల డెక్‌లో ఆ రంగు ఇచ్చే ల్యాండులు 14 ఉండాలన్నాడు. పద్నాలుగు! ఎనిమిదితో సరిపెట్టుకునేవాడు ఈ పట్టిక చూశాడా? రెండు మూడు రంగులిచ్చే ల్యాండులు ఉన్నాయి కదా అంటారు. ఉన్నాయి. వాటిలో చాలావాటికి మూల్యం ఉంది, కొన్ని వాడుకోడానికి ఆలస్యంగా సిద్ధమవుతాయి, కొన్ని మన ప్రాణం పాయింట్లు తీసుకుంటాయి. ఆ మూల్యం చెల్లిస్తున్నానని తెలిసి చెల్లించేవాడితో నాకు పేచీ లేదు. తెలియకుండా చెల్లిస్తూ దురదృష్టం అనుకునేవాడితోనే.

ఇప్పుడు అసలు నేరానికి వద్దాం. మంచి కార్డులకి చోటు చాలనప్పుడు మొట్టమొదట వేటు పడేది ల్యాండుల మీదే. "ల్యాండులు తగ్గించు, ఖాళీ చేతులతో కూర్చోవు" అనే మాట ఎంత సహజంగా అంటారో చూడండి. ల్యాండ్ అంటే వీళ్ళ దృష్టిలో కార్డే కాదు, భరించక తప్పని బరువు. లెక్క వినండి. 24 ల్యాండులున్న డెక్‌లో మొదటి ఏడు కార్డుల్లో ల్యాండే లేకపోవడమో, ఒక్కటే రావడమో 14 శాతం సార్లు జరుగుతుంది. అదే 20 ల్యాండులతో అది 25 శాతం. ఏడు ఆటల్లో ఒకసారి వచ్చే ఆపద నాలుగింట ఒకసారి వస్తుంది. ముందుగా ఆడేవాడికి నాలుగో వంతుకి నాలుగు ల్యాండులు అందే అవకాశం మొదటి డెక్‌కి 63 శాతం, రెండో దానికి 44 శాతం. తీసింది నాలుగు ల్యాండులే. ఆ నాలుగు స్థానాల్లో నాలుగు ఖరీదైన డ్రాగన్లు పెట్టారు. దించడానికి ఆరు మానా కావలసిన కార్డులు పెంచుతూ, ఆ మానా ఇచ్చే ల్యాండులు తగ్గించడాన్ని ఏ తర్కంతో సమర్థిస్తారు?

20 ల్యాండులు ఎప్పుడూ తప్పేనని కాదు. ఒకటీ రెండూ మానా కార్డులతో నిండి, మూడు దాటి పైకి పోని ఎర్ర డెక్‌కి 20 చక్కగా సరిపోతాయి. ల్యాండుల సంఖ్యని నిర్ణయించేది డెక్‌లోని కార్డుల ధరల వరస, ఆటగాళ్ళు కర్వ్ అనేది. ఆ వరస చూడకుండా ఒక అంకె పట్టుకుని అందరికీ పంచేవాడు సలహాదారు కాదు. కర్వ్ ఎందుకు ముఖ్యమో చిన్న కూడికతో తేలిపోతుంది. మొదటి నాలుగు వంతుల్లో వరసగా ఒకటి, రెండు, మూడు, నాలుగు మానా కార్డులు వేసినవాడు పది మానా వాడుకున్నాడు. నాలుగో వంతుదాకా ఆగి ఒక్క నాలుగు మానా కార్డు వేసినవాడు నాలుగే వాడుకున్నాడు. వాడి కార్డు ఎంత గొప్పదైనా, ఆరు మానా మేరకు వెనకబడినవాడు ఏ బలంతో పుంజుకుంటాడు?

ఇది నేను కొత్తగా కనిపెట్టింది కాదు. ఆట పుట్టిన మూడేళ్ళకే రుజువైంది. ప్రో టూర్ అనే అగ్రశ్రేణి పోటీల కోసం 1996లో అట్లాంటాలో జరిగిన అర్హత పోటీకి పాల్ స్లై ఒక డెక్ పట్టుకొచ్చాడు. దాని వెనకున్న ఆలోచన జే ష్నైడర్‌ది. ఆ జాబితా చూసి ఉంటే మన సలహాదారులు పెదవి విరిచేవారు. అందులో ఐరన్‌క్లా ఆర్క్స్ ఉన్నాయి: రెండు మానాకి రెండు-రెండు బలం (కొట్టే శక్తి రెండు, తట్టుకునే శక్తి రెండు), అదీ తనకి సరిజోడీ ప్రాణిని కూడా అడ్డుకోలేని పిరికిది. డ్వార్వెన్ ట్రేడర్ ఉంది: ఒక మానాకి ఒకటి-ఒకటి, ఇంకే శక్తీ లేదు. ఆల్బమ్‌లో కూడా ఎవరూ దాచుకోని కార్డులవి. అయితేనేం, ప్రతి వంతులోనూ ఉన్న మానా మొత్తం ఖర్చయ్యేలా కట్టిన డెక్ అది. ప్రత్యర్థులు తమ గొప్ప కార్డులకి ల్యాండులు కూడగట్టుకునేలోపు పని ముగించేది. స్లై ముందు వరుసలో నిలిచాడు, ఆ తరహా డెక్కులకి వాడి పేరే స్థిరపడింది. ఇవాళ్టికీ ఎర్రరంగు దూకుడు డెక్కులన్నీ ఆ సూత్రం మీదే నడుస్తున్నాయి. "బలహీనమైన" కార్డులతో కట్టిన డెక్ బలమైన కార్డుల కుప్పల్ని ఎలా ఓడించిందో పాత సలహాని నమ్మేవారెవరైనా వివరించగలరా?

దానికి పూర్తిగా ఎదురు కొసన బ్రయన్ వైస్మన్ ఉన్నాడు. తొంభైల నడుమ అతను ఆడిన డెక్‌కి "ద డెక్" అనే పేరు. ప్రత్యర్థి చేసే ప్రతిపనినీ అడ్డుకోవడం, తన చేతిలో కార్డులు పెంచుకోవడం, ఇదే పని. గెలుపు కోసం అతను ప్రధానంగా నమ్ముకున్నవి రెండంటే రెండు సెర్రా ఏంజెల్లు. ఇంతకు ముందు మన చేతిలో ఉండి ఏ పనికీ రాని ఏంజెలే! వైస్మన్ డెక్‌లో అదే కార్డు ఆటని ముగించింది. ఎందుకంటే అది దిగేసరికి దాన్ని తాకగలిగినదేదీ ప్రత్యర్థి దగ్గర మిగలకుండా మిగతా కార్డులన్నీ ముందే పనిచేసి పెట్టాయి. కార్డు మారలేదు, చుట్టూ ఉన్న 59 మారాయి. ఇంతకంటే స్పష్టమైన సాక్ష్యం ఏం కావాలి?

నెక్రొపొటెన్స్ సంగతి కూడా చెప్పకుండా వదలను. 1995లో ఐస్ ఏజ్ సెట్‌లో వచ్చినప్పుడు చాలామంది దాన్ని పనికిరాని కార్డని కొట్టిపారేశారు. వంతుకి వచ్చే కార్డుని వదులుకోవాలి, ప్రాణం పాయింట్లు చెల్లించి కార్డులు తెచ్చుకోవాలి. ప్రాణం పోగొట్టుకునేవాడు ఎలా గెలుస్తాడన్నారు. మరుసటి ఏడాదే నెక్రొపొటెన్స్ డెక్కులు పోటీల్ని ఎంతగా కమ్మేశాయంటే 1996 వేసవికి "నల్ల వేసవి" అనే పేరొచ్చింది. విడిగా చూసి కార్డుకి మార్కులు వేసేవారి తీర్పు ఎంత చెల్లుతుందో ఆ ఒక్క ఏడాది చెప్పలేదా?

ఖరీదునే కొలబద్ద చేసుకున్నవారిది ఇంకా సులువైన కేసు. ఈ ఆటలో అన్నింటికంటే పేరుపొందిన, విపరీతమైన ధర పలికే కార్డు బ్లాక్ లోటస్. దాన్ని వింటేజ్ అనే ఒక్క విభాగంలో, అదీ డెక్‌కి ఒకటి చొప్పున తప్ప, పెద్ద పోటీ విభాగాలు వేటిలోనూ ఆడనివ్వరు. ఇక టార్మొగోయిఫ్. 2007లో వచ్చిన ఈ రెండు మానా ప్రాణి ఒకప్పుడు ఒక్కోటి నూరు డాలర్లు దాటి పలికింది. తర్వాత వచ్చిన కార్డుల ముందు దాని పని తగ్గింది, ధర కూలిపోయింది. కార్డు మీద అచ్చు మాత్రం ఒక్క అక్షరం మారలేదు. ధర చెప్పేది ఎంతమందికి కావాలో, ఎన్ని దొరుకుతున్నాయో. నీ డెక్‌కి అది ఏం చేస్తుందో ధర ఎలా చెబుతుంది?

"ప్రతి మంచి కార్డూ ఒక్కొక్కటి వేసుకో, దేనికైనా జవాబు ఉంటుంది" అనే మాట వినడానికి వివేకంగానే ఉంటుంది. జవాబు డెక్‌లో ఉంటే చాలదు, చేతిలోకి రావాలి. ఒక్క ప్రతి వేసిన కార్డు మొదటి ఏడింట్లో కనిపించే అవకాశం 12 శాతం లోపే. నాలుగు ప్రతులు వేస్తే 40 శాతం. నాలుగో వంతుకి పది కార్డులు చూసేసరికి 17కీ 53కీ ఉన్నంత తేడా. ఒక్కో ప్రతితో 36 వేర్వేరు కార్డులు వేసినవాడి డెక్ ప్రతి ఆటలోనూ ఒక కొత్త డెక్. దాన్ని వాడే సాధన చేయలేడు, ఎందుకంటే ఒకసారి ఎదురైన పరిస్థితి మళ్ళీ ఎదురుకాదు.

చరిత్ర కూడా నా పక్షానే ఉంది. ఆట వచ్చిన కొత్తలో డెక్‌కి 40 కార్డులు చాలు, ఒకే కార్డు ఎన్ని ప్రతులైనా వేసుకోవచ్చు. ఆ స్వేచ్ఛ ఇచ్చినప్పుడు గెలవదలచినవాళ్ళు ఏం చేశారు? తలా ఒకటి వేసుకున్నారా? అత్యుత్తమమైన కార్డునే పదేసి, ఇరవయ్యేసి గుప్పించారు. అందుకే పోటీల నిబంధనల్లో నాలుగు అనే పరిమితి పెట్టాల్సి వచ్చింది. ఒక్కో ప్రతే మేలైతే ఆ పరిమితి అవసరం ఎవరికి పడేది? ఒక్క ప్రతి సబబయ్యే సందర్భాలు లేకపోలేదు. డెక్‌లోంచి వెతికి తెచ్చే కార్డులున్నవాడు, ఆట చివర్లో ఒక్కసారే కావలసిన కార్డున్నవాడు ఒక్కటి వేసుకోవచ్చు. వాళ్ళ దగ్గర కారణం ఉంది.

కారణం లేకుండా ఒక్కో ప్రతి వేసే పొరపాటు ఇంతగా వ్యాపించడానికి ఒక మూలం కమాండర్ అనే విభాగం అనుకుంటాను. నూరు కార్డులు, బేసిక్ ల్యాండులు తప్ప ఏదీ రెండోసారి వేయకూడదు, సాధారణంగా నలుగురు కలిసి ఆడతారు. సరదా ఆట, దానిమీద నాకే ద్వేషమూ లేదు. అక్కడ మొదటి వంతుల్లో ఆలస్యమైనా ముగ్గురు ప్రత్యర్థులు ఒకరితో ఒకరు తలపడుతుంటే నీకు ఊపిరి తీసుకునే వ్యవధి దొరుకుతుంది. ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని మూడు ఆటల్లో రెండు గెలవాల్సిన పోటీలో ఆ వ్యవధి ఎవరిస్తారు? అక్కడి అలవాటుని ఇక్కడ సూత్రం చేసి కొత్తవాళ్ళకి అప్పగించడం వాళ్ళకి చేస్తున్న అన్యాయం. పాకెట్ మనీ కూడబెట్టి ప్యాకెట్లు కొనుక్కునే పదిహేనేళ్ళ పిల్లవాడు ఆ సలహా విని మూడు పోటీలు ఓడి ఆటే మానేస్తే ఆ బాధ్యత ఎవరిది?

ఇక అరవై ఒకటో కార్డు గురించి. "ఒక్క కార్డు ఎక్కువైతే కొంప మునుగుతుందా?" అంటారు. మునగదు. నాలుగు ప్రతులున్న కార్డు మొదటి చేతిలో దొరికే అవకాశం అర శాతం తగ్గుతుంది, అంతే. నా అభ్యంతరం ఆ అర శాతం మీద కాదు. 61 కార్డులు పెట్టినవాడు వాటిలో అన్నింటికంటే పనికిరానిది ఏదో తేల్చలేకపోయాడు. తేల్చి ఉంటే అది బయట ఉండేది. ఇవాళ 61 అన్నవాడు రేపు 64 అంటాడు. యు-గి-ఓ అనే మరో కార్డుల ఆట నిబంధనలు 40 నుంచి 60 దాకా వేసుకోమంటాయి, పోటీల్లో ఎక్కువమంది 40 చుట్టుపక్కలే ఎందుకు ఆగిపోతారో ఆలోచించండి.

వెంటనే యోరియన్ అనే కార్డు పేరెత్తుతారు. 2020లో వచ్చిన యోరియన్ డెక్కులు 80 కార్డులతో గెలవలేదా? గెలిచాయి. అదనంగా ఇరవై కార్డులు వేసుకుంటేనే యోరియన్ డెక్ బయట ఉండి, ప్రతి ఆటలోనూ తప్పకుండా అందుబాటులోకొస్తుందన్నది దాని షరతు. అంటే ఇరవై కార్డుల పలచనకి ప్రతిఫలంగా, ఎన్నడూ దొరకకపోవడం అంటూ ఉండని ఒక కార్డు దక్కింది. ఆ ప్రతిఫలం ఎంత పెద్దదంటే 2022లో మోడర్న్ విభాగంలో దాన్ని నిషేధించాల్సి వచ్చింది. 61వ కార్డు వేసినవాడికి దక్కిన ప్రతిఫలం ఏమిటి?

అదృష్టం లేదని నేను అనను. కలిపిన పేకలో అదృష్టం ఉండితీరుతుంది. కానీ అదృష్టం ఉన్నంత మాత్రాన ఆట అదృష్టానిదై పోదని మన గడ్డ మీది కేసులోనే తేలింది. సికింద్రాబాద్‌లో రమ్మీ ఆడించిన ఒక క్లబ్ వ్యవహారం సుప్రీంకోర్టుదాకా వెళ్తే, 1967లో న్యాయస్థానం రమ్మీని ప్రధానంగా నైపుణ్యపు ఆటగానే తీర్మానించింది. పడిన ముక్కలు గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచుకోవాలో ఏది వదలాలో తెలియాలి, కనుక నేర్పు ఉందన్నది. ఎవరో పంచిన పదమూడు ముక్కలతో ఆడే ఆటకే నేర్పు ప్రధానమైతే, పేకలోని ప్రతి ముక్కనీ నువ్వే ఏరి పెట్టుకునే ఆటలో ముక్క పడలేదనడానికి నోరెలా వస్తుంది? జర్మనీ ఆటగాడు కై బుడ్డె 1999కీ 2003కీ మధ్య ఏడు ప్రో టూర్ టైటిళ్ళు గెలిచాడు. అన్నేళ్ళపాటు ముక్కలన్నీ అతనికే పడ్డాయనుకోవాలా?

చివరగా సైడ్‌బోర్డు, అంటే ఆటకీ ఆటకీ మధ్య డెక్‌లోకి మార్చుకోడానికి పక్కన ఉంచుకునే పదిహేను కార్డులు. డెక్‌లో చోటు దొరకని "మంచి" కార్డులన్నీ ఇక్కడికి వచ్చి చేరతాయి. ఈ పదిహేను కార్డుల విలువ ఎంతో ఒక్క నిమిషం లెక్కేయండి. రెండు గెలిస్తే ముగిసే మ్యాచ్‌లో మొదటి ఆట మాత్రమే అసలు డెక్‌తో ఆడతాం. మ్యాచ్ రెండు ఆటల్లో ముగిస్తే సగం, మూడుదాకా సాగితే మూడింట రెండు వంతులు సైడ్‌బోర్డు కలిపాకే జరుగుతాయి. ఆడే ఆటల్లో కనీసం సగాన్ని తీర్చిదిద్దే భాగాన్ని మిగిలిపోయిన కార్డుల సంచి చేయడం ఏం వ్యూహం? పైగా వీళ్ళు లోపలికి ఏది తేవాలో చెబుతారు, బయటికి ఏది తీయాలో చెప్పరు. ఎనిమిది కార్డులు లోపలికి తెచ్చి, వాటికి చోటివ్వడానికి తమ డెక్ వెన్నెముకనే విరిచేసుకుంటారు. పోటీ నిబంధనలు ఒక వెసులుబాటు ఇస్తున్నాయి: మ్యాచ్‌కి ముందే రాసుకున్న చిన్న కాగితాన్ని ఆటకీ ఆటకీ మధ్య చూసుకోవచ్చు. ఈసారి సలహా ఇవ్వడానికి వచ్చినవాణ్ణి ఆ కాగితం అడగండి. ఏ ప్రత్యర్థి మీద ఏ కార్డులు లోపలికి, వాటికి సరిగ్గా సమానంగా ఏవి బయటికి, అన్నీ అందులో రాసి ఉండాలి. రాసి ఉంటే కూర్చోబెట్టి వినండి.